రాహులుని అద్దం – మన ఇంటి మీది సోలార్ పలక





శీలం గురించి, దానం గురించి, ధ్యానం గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి మన ఇండ్ల మీదికి, మన చెల్కల్లోకి వచ్చిన సోలార్ పలకల గురించి మాట్లాడుకుందాం. "ఇది ధమ్మం ముచ్చటనా, కరెంటోళ్ళ ముచ్చటనా?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మనం చేసే పని వల్ల దుఃఖం పెరుగుతున్నదా, తగ్గుతున్నదా అని చూడమన్నదే తథాగతుని ధమ్మం. అట్లా చూడాల్సిన అవసరం లేని పని ఏదీ ఉండదు. వంట చేసినా, వ్యవసాయం చేసినా, ఇంటి మీద పలక బిగించుకున్నా ఆ చూపు ఉండాల్సిందే.

బాబాసాహెబ్‌కు కరెంటు ఎందుకు ముఖ్యమైంది?

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూసిన సంగతి మనకు తెలుసు. నీటిపారుదల, విద్యుత్తు ప్రణాళికలు కూడా ఆ రోజుల్లో ఆయన చేతిలోనే ఉండేవి. దామోదర్ లోయ పథకానికి పునాది ఆలోచన, కేంద్ర సాంకేతిక విద్యుత్ మండలి ఆ కాలానివే. కరెంటు చవకగా, పుష్కలంగా దొరకాలె, దానితో పరిశ్రమలు రావాలె, పేదోడు భూమిలేని కూలీగా ఊరి పెత్తనం కింద నలగకుండా బయటపడాలె అన్నది ఆయన ఆలోచన. అందుకని కరెంటు ముచ్చట మన ముచ్చటే.

పాలమూరు, నల్లగొండ జనానికి ఈ మాట ఒకరు చెప్పాల్సిన పని లేదు. వాన తక్కువ, ఎండ ఎక్కువ. బోరు వేస్తే నీళ్ళు పడతయో పడవో తెలియదు. పడ్డా, కరెంటు ఎప్పుడొస్తదో అని రాత్రిపూట మోటారు కాడ పండుకున్న తండ్రులు ఉన్నారు. చీకట్లో మోటారు స్టార్టర్ పట్టుకొని షాక్ కొట్టి పోయినోళ్ళు ఉన్నారు. పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా ఎట్లా తిరిగిందో మీకు తెలుసు.

ఇప్పుడు ఆ ఎండే ఆస్తి అయ్యింది. నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో దాదాపు 480 ఇండ్ల మీద ఇంటికి 3 కిలోవాట్ల చొప్పున సోలార్ పలకలు పెట్టారు. 2025 మే 18న అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలైంది. 2 లక్షల 10 వేల మంది గిరిజన రైతుల 6 లక్షల ఎకరాలకు సోలార్ మోటార్లతో నీళ్ళిస్తామన్నది దాని లక్ష్యం. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల పలకలకు 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. మన వాడల్లో కూడా దరఖాస్తులు పెట్టుకుంటున్నారు. మంచిదే.

పాళీ గ్రంథాల్లో బుద్ధునికి ఆదిచ్చబంధు అన్న పేరు ఉంది. అంటే సూర్యుని బంధువు. సూర్యుని బంధువును శరణు కోరినవాళ్ళం, సూర్యుని వెలుగును వాడుకునేటప్పుడు ఆయన చెప్పిన పద్ధతిలో వాడుకోవాలి. ఆ పద్ధతి ఏమిటి?

రాహులునికి చూపిన అద్దం

అంబలట్ఠిక అనే చోట భగవానుడు తన కొడుకు రాహులునికి ఒక పాఠం చెప్పాడు. రాహులుడు అప్పటికి చిన్న పిల్లవాడు. అద్దం దేనికి పనికొస్తుందని అడిగాడు. చూసుకోవడానికి అని పిల్లవాడు జవాబిచ్చాడు. చేతతో, మాటతో, మనసుతో చేసే ప్రతి పనినీ అట్లాగే చూసుకొని చేయమన్నాడు భగవానుడు. ఒక్కసారి చూస్తే చాలదు, మూడుసార్లు చూడాలి. చేసే ముందు చూడు. చేస్తున్నప్పుడు చూడు. చేసిన తర్వాత చూడు. దీనివల్ల నాకు కీడా, ఎదుటివానికి కీడా, ఇద్దరికీ కీడా అని ప్రతిసారీ అడుగు. కీడని తెలిస్తే ముందే మానుకో. మధ్యలో తెలిస్తే మధ్యలోనే ఆపు. అయిపోయినాక తెలిస్తే దాచిపెట్టకు, పెద్దల ముందు చెప్పి, మళ్ళీ చేయకుండా చూసుకో.

అశోక చక్రవర్తి భిక్షువులు, భిక్షుణులు, ఉపాసకులు, ఉపాసికలు మళ్ళీ మళ్ళీ వినాలని బైరాట్ శాసనంలో కొన్ని బోధల పేర్లు చెక్కించాడు. రాహులునికి చెప్పిన బోధ వాటిలో ఒకటి. ఆ అద్దంలో ఇప్పుడు సోలార్ పలకను మూడుసార్లు చూద్దాం.

మొదటి చూపు: తయారయ్యేటప్పుడు

మన ఇంటి మీద మెరిసే పలక పలుగురాయి నుంచి మొదలవుతుంది. పలుగురాయిని బొగ్గుతో కలిపి కొలిమిలో దాదాపు 2,000 డిగ్రీల వేడి దగ్గర కరిగిస్తే సిలికాన్ వస్తుంది. ఈ రాయి పాలమూరు మనిషికి కొత్త కాదు. పలుగురాయి పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్ వస్తుంది. షాద్‌నగర్ వైపు రాయి పొడిచేసే మిల్లుల్లో పనిచేసిన కూలీల ఇండ్లలో ఆ జబ్బు పేరు తెలుసు. ఆ రాయి సోలార్‌కే పోయిందని కాదు. రాయి ఎక్కడిదైనా, పొడి మింగేది కూలివాడే అన్నది గుర్తుంచుకోవాలి.

తర్వాత ఆ సిలికాన్‌ను రసాయనాలతో శుద్ధి చేస్తారు. ప్రపంచంలో ఈ పని మూడొంతులకు పైగా చైనాలోనే జరుగుతుంది, అదీ ఎక్కువగా బొగ్గు కరెంటుతో. శుద్ధి చేసేటప్పుడు సిలికాన్ టెట్రాక్లోరైడ్ అనే ద్రవం మిగులుతుంది. దాన్ని మళ్ళీ వాడుకునే ఏర్పాటు ఫ్యాక్టరీలో ఉంటే సరి. బయట పారబోస్తే గాలిలోని తేమ తగిలి ఆమ్లంగా మారుతుంది, నేల బంజరవుతుంది. చైనాలోని హెనాన్ రాష్ట్రంలో పొలాల పక్కన ఇట్లా పారబోసిన సంగతి 2008లో బయటపడింది.

ఇంకొక సంగతి నల్లగొండ వాళ్ళు శ్రద్ధగా వినాలి. సిలికాన్ బిళ్ళలను కడిగి, వాటి ముఖం చెక్కడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడతారు. అంటే ఫ్లోరైడ్. 2011 సెప్టెంబరులో చైనాలోని హైనింగ్ పట్టణం దగ్గర ఒక సోలార్ ఫ్యాక్టరీ వ్యర్థాలు వానకు కొట్టుకుపోయి వాగులో కలిశాయి. చేపలు చచ్చి తేలాయి. నీళ్ళలో ఫ్లోరైడ్ హద్దు మీరి ఉన్నట్టు తేలింది. ఊరి జనం రోజుల తరబడి ఫ్యాక్టరీ ముందు నిలబడితే తప్ప అది ఆగలేదు.

ఫ్లోరైడ్ అంటే ఏమిటో మర్రిగూడ, మునుగోడు జనాన్ని అడగండి. గారపట్టిన పళ్ళు, వంగిన నడుములు, ముప్పై ఏండ్లకే ముసలితనం. మన నేలలో అది గ్రానైటు రాళ్ళ నుంచి నీళ్ళలోకి దిగింది, ఏ ఫ్యాక్టరీ పోసింది కాదు. అయినా ఆ బాధ తరతరాలుగా మోసిన జిల్లా మనది. పటిక, సున్నం కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరే 'నల్లగొండ టెక్నిక్'. మన ఊరి పేరు ప్రపంచానికి అట్లా తెలిసింది. సోలార్ ఫ్యాక్టరీలు కూడా తమ నీళ్ళలోని ఫ్లోరైడ్‌ను సున్నంతోనే పట్టి, బురదగా వేరు చేస్తాయి. ఆ బురదను ఎక్కడ వేస్తున్నారన్నది అసలు ప్రశ్న.

హైదరాబాద్ పక్కన మహేశ్వరంలో సోలార్ సెల్స్, పలకలు తయారవుతున్నాయి. మన పిల్లలకు అక్కడ ఉద్యోగాలు వస్తే సంతోషమే. ఎవరి మీదా నింద వేయడం మన పని కాదు, తెలియకుండా నింద వేయడం కూడా అబద్ధమాడటమే. కానీ, నీళ్ళు ఎట్లా శుద్ధి చేస్తున్నారు, బురద ఎటు పోతున్నది, ఆమ్లం దగ్గర పనిచేసేవారికి రక్షణ ఏమున్నది అని అడగడం మన హక్కు. విషం అమ్మే వ్యాపారం ఉపాసకుడు చేయకూడదని భగవానుడు చెప్పాడు. వ్యాపారం మంచిదే అయినా, విషం పక్క ఊరికి పంపిస్తే అది సమ్యక్ ఆజీవం అవుతుందా?

రెండో చూపు: వాడుకునేటప్పుడు

మొదటి చూపుతోనే కొందరు బెదిరిపోయి "అయితే సోలార్ వద్దా అన్నా?" అంటారు. తొందరపడొద్దు. న్యాయంగా తూకం వేయాలి.

ఒక పలక తయారీకి ఎంత శక్తి ఖర్చవుతుందో, అంత శక్తిని మన ఎండలో అది ఒకటి, రెండేండ్లలో తిరిగి ఇచ్చేస్తుంది. తర్వాత ఇరవై ఏండ్లకు పైగా ఇచ్చేదంతా మిగులే. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీస్తే దాదాపు కిలో బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. సోలార్‌కు తయారీ అంతా లెక్కేసినా యూనిట్‌కు 50 గ్రాములకు అటూఇటూ.

దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. బొగ్గు కాలితే బూడిద రావాల్సిందే. ఆ బూడిద రోడ్ల మీద, పత్తి చేల మీద పడుతుందన్న భయం చుట్టుపక్కల ఊళ్ళకు ఉంది. నల్లమలలో యురేనియం తవ్వుతామంటే చెంచు బిడ్డలతో కలిసి తెలంగాణ అంతా వద్దన్నది. 2019 సెప్టెంబరులో అసెంబ్లీ కూడా వద్దని తీర్మానం చేసింది. యురేనియం వద్దు, బూడిద వద్దు అన్నాక, కరెంటు మాత్రం కావాలి అంటే ఎండ వైపే చూడాలి. అందుకని సోలార్‌ను కాదనడం మన దారి కాదు. కళ్ళు మూసుకొని మొక్కడం కూడా కాదు. మధ్యేమార్గం అంటే రెండు పక్కలా చూసి నడవడం.

ఈ రెండో చూపులో భూమి కూడా కనబడాలి. ఇంటి కప్పు మీద పలక పెడితే ఎవరి భూమీ పోదు. పెద్ద ప్లాంటు పెడితే వందల ఎకరాలకు కంచె పడుతుంది. ఆ చెల్కలో గొర్లు మేపుకున్నవాళ్ళు, కట్టెలు ఏరుకున్న అక్కలు, కలుపు కూలికి పోయిన అమ్మలు బయట నిలబడతారు. పట్టాదారుకు కౌలు వస్తుంది, కూలివానికి ఏం వస్తుంది? ప్రభుత్వం మన తాతలకు ఇచ్చిన అసైన్డ్ భూములు చేతులు మారకుండా 1977 నాటి చట్టం ఉంది. మధ్యవర్తి తెచ్చిన కాగితం మీద వేలిముద్ర వేసే ముందు ఆ చట్టం తెలిసినవాళ్ళతో చదివించుకోండి. చదువు, సంఘటితపడు, పోరాడు అన్న మూడు మాటలు మనకు గోడ మీద రాసుకోవడానికేనా? ఇసొంటి రోజు కోసమే.

మూడో చూపు: పని అయిపోయిన తర్వాత

అందరూ మరిచిపోయేది ఈ చూపునే. పలక ఆయుష్షు 25, 30 ఏండ్లు. వడగండ్లకో, గాలిదుమారానికో, దించేటప్పుడో పగిలితే ముందే పోతుంది. తర్వాత ఎటు పోవాలి?

ఒక లెక్క చూద్దాం. ఇంటికి 6 పలకలు, పలక 25 కిలోలు అనుకుంటే ఇంటికి 150 కిలోలు. 480 ఇండ్ల ఊరికి 72 టన్నులు. ఒక్క ఊరికే ఇంత. 2023 మార్చి నాటికి దేశంలో ఉన్న సోలార్ నుంచి అప్పటికే లక్ష టన్నుల వ్యర్థం వచ్చిందనీ, పాతవీ కొత్తవీ కలిపి 2030కి అది 6 లక్షల టన్నులవుతుందనీ సీఈఈడబ్ల్యూ అనే పరిశోధన సంస్థ, కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ కలిసి 2024లో అంచనా వేశాయి. 2050కి కోటీ 90 లక్షల టన్నులు. మన పిల్లలు నడివయసుకు వచ్చే కాలం అది.

పలక బరువులో మూడొంతులు గాజు. నూటికి 10 పాళ్ళు ప్లాస్టిక్ పొరలు, 8 పాళ్ళు అల్యూమినియం, 5 పాళ్ళు సిలికాన్, ఒక పాలు రాగి. వెండి చాలా కొంచెం, అతుకుల్లో సీసం కొంచెం. కొన్ని రకాల పలుచటి పలకల్లో కాడ్మియం కూడా ఉంటుంది. ఇంటి మీద ఉన్నంత కాలం ఇవన్నీ గాజు మధ్య భద్రంగా ఉంటాయి, భయం లేదు. పగలగొట్టి చెరువు గట్టున పారేస్తే సీసం మెల్లగా నేలలోకి, నీళ్ళలోకి దిగుతుంది. కాల్చితే ఇంకా ఘోరం. చాలా పలకల వెనుక పొరలో ఫ్లోరిన్ కలిసిన ప్లాస్టిక్ ఉంటుంది. కాలితే ఫ్లోరైడ్ విషవాయువు వస్తుంది. నీళ్ళలో ఫ్లోరైడ్ తాగిన జిల్లా, పొగలో కూడా ఫ్లోరైడ్ పీల్చాలా?

ఇప్పుడు అసలు ప్రశ్న. కాల్చేది ఎవరు? పగలగొట్టేది ఎవరు?

పాత సామాన్ల కొట్టువానికి కావాల్సింది చుట్టూ ఉన్న అల్యూమినియం చట్రం, రాగి వైరు. అవి ఊడదీసుకొని మిగతాది పారేస్తాడు, లేదా కాల్చమంటాడు. రోజుకూలికి, చేతికి తొడుగు లేకుండా, ముక్కుకు గుడ్డ లేకుండా ఆ పని చేసేది ఏ వాడ పిల్లలో నేను చెప్పాలా? చచ్చిన పశువును మోసింది మనం. మోరీలో దిగింది మనం. కులం పనిని పంచలేదు, పనిచేసే మనుషులను విడగొట్టి మెట్ల మీద నిలబెట్టిందని బాబాసాహెబ్ తేల్చి చెప్పాడు. ఊరి మైల ఎవరి నెత్తిన పెట్టాలో ఈ దేశానికి పాత అలవాటు. కొత్త కాలపు చెత్తకు కూడా అదే నెత్తి వెతుక్కుంటూ వస్తే, పలక కొత్తదైనా పద్ధతి పాత మనువుదే. వెలుగు ఒకరికి, విషం ఇంకొకరికి అయితే దాన్ని స్వచ్ఛమైన కరెంటు అనలేం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన వదిలి రమ్మన్నది ఈ మెట్లనే.

చట్టం లేకపోలేదు. 2022లో వచ్చి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనల్లో సోలార్ పలకలను చేర్చారు. పాడైన పలకల బాధ్యత తయారుచేసిన కంపెనీదే. 2034-35 వరకు వచ్చే వ్యర్థాన్ని కంపెనీలు నిబంధనల ప్రకారం నిల్వ చేసి ఉంచాలి, లెక్క చూపించాలి. గుర్తింపు ఉన్న కేంద్రంలో అయితే గాజు, అల్యూమినియం, రాగి, సిలికాన్, వెండి వేరు చేసి మళ్ళీ వాడొచ్చు. అయితే చట్టం ఢిల్లీలో ఉంది, పగిలిన పలక మన పెరట్లో ఉంది. రెండింటి మధ్య దారి వేయాల్సింది మనమే.

ఆనందుని చీవరాలు

ఈ దారి బౌద్ధులకు కొత్తది కాదు. కౌశాంబిలో ఉదయన రాజు భార్యలు ఆనందునికి 500 చీవరాలు దానం చేశారు. రాజుకు అనుమానం వచ్చింది. ఇన్ని బట్టలేం చేసుకుంటావు, దుకాణం పెడతావా అన్నట్టు అడిగాడు. చీవరాలు చిరిగిన భిక్షువులకు పంచుతానన్నాడు ఆనందుడు. మరి పాతవి? దుప్పట్లు చేస్తాం. పాత దుప్పట్లు? పరుపుల గలీబులు. అవీ పాతబడితే? కింద పరుచుకుంటాం. తర్వాత కాళ్ళు తుడుచుకునే గుడ్డలు, ఆ తర్వాత దుమ్ము దులిపే గుడ్డలు. అవి కూడా చిరిగితే? ముక్కలు చేసి, మట్టిలో కలిపి తొక్కి, నేల మెత్తుకుంటాం. రాజు సంతోషించి ఇంకో 500 ఇచ్చాడని వినయపిటకం చెబుతుంది.

చూడండి, ఏదీ పారేయలేదు. ఇంకొక సంగతి గమనించండి. పాత గుడ్డను ఎవరో తక్కువ మనిషి చేతికి ఇచ్చి చేతులు కడుక్కోలేదు. సంఘంలో క్షురకుడైన ఉపాలి ఉన్నాడు, పాకీ పని చేసిన సునీతుడు ఉన్నాడు, శాక్య రాజకుమారుడైన ఆనందుడు ఉన్నాడు. వాడింది సంఘమే, చివరి దాకా చూసుకున్నదీ సంఘమే. నేడు రీసైక్లింగ్ అని పెద్దగా చెప్పుకుంటున్నదానికి రెండున్నర వేల ఏండ్ల కింద మన సంఘం చూపిన పద్ధతి ఇది.

మన నేల కూడా ఒక పాఠం చెబుతుంది. సాగర్ డ్యాం కోసం నాగార్జునకొండ లోయ మునిగింది. ఇక్ష్వాకుల కాలం ఉపాసికలు దానాలిచ్చి కట్టించిన చైత్యాలు, విహారాలు ఉన్న చోటు అది. కొన్నింటిని విప్పి పైకి తెచ్చి నిలబెట్టారు, చాలావరకు నీళ్ళ పాలైంది. ఆ నీళ్ళతో నల్లగొండ చేలు పండాయి, కరెంటు వచ్చింది. కాదనలేం. కానీ ప్రతి వెలుగుకూ ఎక్కడో ఒక ధర ఉంటుంది. ఆ ధర ఎంత, కట్టేది ఎవరు అని ముందే అడిగేవాడే ప్రజ్ఞావంతుడు.

మనం చేయదగిన పనులు

బాబాసాహెబ్ బౌద్ధాన్ని ఎందుకు ఎంచుకున్నాడో చెబుతూ ప్రజ్ఞ, కరుణ, సమత అన్నాడు. ఆ మూడింటినీ పనిలో పెడదాం.

ప్రజ్ఞతో: పలకలు బిగించుకునే రోజే కంపెనీ పేరు, పలకల నంబర్లు, బిల్లు, వారంటీ కాగితం ఒక సంచిలో భద్రం చేయండి. పాతబడితే ఎవరు తీసుకుపోతారని అప్పుడే అడిగి రాయించుకోండి. భూమి కౌలుకిస్తే, గడువు తీరినాక పలకలు, సిమెంటు దిమ్మెలు తీసేసి నేలను బాగుచేసి ఇవ్వాలన్న షరతు ఒప్పందంలో ఉండాలి.

కరుణతో: పగిలిన పలకను పిల్లలను ముట్టనీయకండి. పగిలినా ఎండ తగిలితే కరెంటు పుడుతుంది. బిగించిన మనిషిని పిలిపించి వైర్లు తీయించండి, మందపాటి గుడ్డ కప్పి నీడలో, వాన తగలని చోట పెట్టండి. కాల్చొద్దు. బావిలో, చెరువులో వేయొద్దు. సామాన్లోనికి అమ్మొద్దు. వచ్చే వంద, రెండొందలు ఇంకొకరి ఊపిరి ధర.

సమతతో: ఊరి పలకల లెక్క ఒక పుస్తకంలో రాసి విహారంలోనో, అంబేడ్కర్ భవనంలోనో పెట్టండి. పాడైనవి ఒక చోట చేర్చి, గుర్తింపు ఉన్న కేంద్రానికి పంపించే ఏర్పాటు చేయమని గ్రామసభలో తీర్మానం పెట్టండి. ఒక్కడు అడిగితే కంపెనీ ఫోన్ ఎత్తదు, ఊరు అడిగితే ఎత్తుతుంది. చదువుకున్న మన పిల్లలు ఈ రీసైక్లింగ్ విద్య నేర్చుకోవాలి. కాల్చే కూలీలుగా కాదు, తొడుగులు, యంత్రాలు, జీతం, బీమా ఉన్న పనివాళ్ళుగా, వీలైతే ఆ కేంద్రాలు నడిపే యజమానులుగా. మనల్ని చెత్త దగ్గర నిలబెట్టినప్పుడు అది అవమానం. అదే పనిని హక్కులతో, జ్ఞానంతో మన చేతిలోకి తీసుకుంటే అది సమ్యక్ ఆజీవం.

బంధువులారా! పంచశీలలో మొదటిది ప్రాణికి హాని చేయకపోవడం. కత్తితో చేసేది ఒక్కటే హాని కాదు. తెలిసి కూడా విషాన్ని పక్క వాడకు, పక్క ఊరికి, రేపటి పిల్లలకు పంపడం కూడా హానే. రేపు పొద్దున ఇంటి మీది పలక తుడిచేటప్పుడు అందులో మీ ముఖం కనబడుతుంది. రాహులుని అద్దం అదే అనుకోండి. ఇది ఎక్కడి నుంచి వచ్చింది, నాకేం చేస్తున్నది, నా తర్వాత ఎవరి చేతికి పోతుంది అని మూడుసార్లు అడగండి. మూడింటికీ సిగ్గుపడని జవాబు దొరికిన నాడు ఆ వెలుగు నిజంగా మన వెలుగు అవుతుంది.

అందరూ సుఖంగా ఉండాలి. సాధు! సాధు! సాధు!

జై భీమ్! నమో బుద్ధాయ!